రెజిన్ బొమ్మ రాయిలా అనిపించాలంటే ముందు ఆ నిగనిగ పోవాలి

రెజిన్‌లో, అంటే పోశాక గట్టిపడే ద్రవంలో, బూడిద రంగు కలిపి అచ్చులో పోసినా మీ సింహం బొమ్మ రాయిలా కాక ప్లాస్టిక్ లాగే ఉందని అడిగారు. తప్పు రంగుది కాదు. నేనూ ఏడాదిపాటు రంగుల వెంటే పడి, డబ్బాలు డబ్బాలు ఖాళీ చేశాక గాని తెలుసుకోలేదు. సిలికాన్ అచ్చు లోపలి నునుపంతా పోత మీదికి, అంటే అచ్చులో పోసి తీసిన బొమ్మ మీదికి, దిగుతుంది. పైన పల్చటి రెజిన్ పొర అద్దంలా మెరుస్తుంది. ఇది ప్లాస్టిక్ అని చూసేవాళ్లు పోల్చుకునేది ఆ మెరుపుతోనే.

అందుకే పోసే ముందు పొడి పాలరాతి పిండిని మెత్తటి కుంచెతో అచ్చు గోడలకు పట్టించి, అచ్చును బోర్లించి తట్టి, మిగిలినది దులిపేస్తాను. పోత బయటికి వచ్చేసరికే పైపొర గరుకుగా, మెరుపు లేకుండా ఉంటుంది.

రెజిన్‌లోనూ అదే పిండి కలపాలి. నేను పాలియెస్టర్ రకం రెజిన్‌లో, తూకం ప్రకారం, ఒక వంతు రెజిన్‌కు ఒకటిన్నర వంతు పిండి వేస్తాను. నీటి సాంద్రత 1 అనుకుంటే, ఉత్త రెజిన్‌ది 1.1, 1.2 దగ్గర ఉంటే పాలరాయిది 2.7. ఈ మిశ్రమం 1.7 దాటుతుంది. చేతిలోకి తీసుకోగానే బరువు, చల్లదనం రెండూ తెలుస్తాయి. పిండి కొంత వేడిని పీల్చుకుంటుంది కాబట్టి మందపాటి పోతలు పగిలే భయమూ తగ్గుతుంది. చిక్కు ఒక్కటే, మిశ్రమం చిక్కబడి బుడగలు పైకి రావు. ముందు కాస్త పల్చటి మిశ్రమాన్ని కుంచెతో చెవుల మూలల్లోకి, జూలు గీతల్లోకి పూయండి. అది జిగురుగా మారాక మిగిలింది సన్నటి ధారగా పోయండి. మీది పాలియురేథేన్ రకం రెజిన్ అయితే పిండిని ఓవెన్‌లో ఆరబెట్టి, చల్లార్చాకే కలపండి. ఒకసారి తేమ పిండి వేసి వెనక్కి తిరిగానో లేదో, నురగ పొంగి అచ్చు అంచులు దాటి బల్ల మీదికి పారింది.

పాలరాతి చారలకు వేరే గిన్నెలో కొద్దిగా ముదురు మిశ్రమం చేసి, పుల్లతో రెండే రెండుసార్లు తిప్పి ఆపేయాలి. మూడోసారి తిప్పితే చార పోయి బురద మిగులుతుంది. గ్రానైట్ కావాలంటే, గట్టిపడిన నల్ల, తెల్ల రెజిన్‌ను నలగగొట్టి ఆ రవ్వలు కలపండి. పైపొర అరగదీసే వరకు అవి కనబడవు, కంగారు పడకండి.

అరగదీత నీళ్లతోనే చేయండి. 220 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి, ఇంకా సన్నటి 400 దగ్గర ఆగండి. ఆపైకి వెళితే మెరుపు తిరిగొస్తుంది. అది నున్నటి పాలరాయికే అందం. అరగదీశాక వెనిగర్ రాస్తే పైకి తేలిన పాలరాతి రేణువులు బుస్సుమని కరిగి, రాతికి ఉండే సన్నటి గుంటలు మిగులుతాయి. చివర్లో నీళ్లగా కలిపిన మట్టిరంగు అక్రిలిక్ పూసి, ఆరకముందే గుడ్డతో తుడిచేస్తే గీతల్లో మాత్రమే నిలుస్తుంది.

పాలియెస్టర్ ఆవిరి మామూలు గుడ్డ మాస్కుతో ఆగదు. రసాయన ఆవిరిని పట్టే కార్ట్రిడ్జ్ మాస్కు పెట్టుకోండి, కిటికీలు తీసి ఉంచండి.

ఇంకొక్కటి. అచ్చు తీసిన అసలు నమూనా మైనంతో నున్నగా చేసి ఉంటే ఇవన్నీ చేసినా అంతంతమాత్రమే. అంచులు ఉలితో తెగినట్టు పదునుగా ఉండాలి, అక్కడక్కడ ఉలి గీతలు కనబడాలి. బుడగ వదిలిన రంధ్రం పూర్తిగా గుండ్రంగా ఉంటుంది, రాతి గుంటలు అలా ఉండవు. అలాంటిది కనిపిస్తే నేను పూడ్చను, సూదిమొనతో అంచు చెక్కి వంకర చేసేస్తాను.