పాత ఓనర్ ఫోన్‌లో కారు ఇంకా కనిపిస్తుంటే

తమ్ముడూ, పర్లాకిమిడిలో సెకండ్‌హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు కొన్నానని, అది ఎక్కడుందో పాత ఓనర్ ఫోన్‌లో ఇంకా కనిపిస్తోందని రాశావు. ఇది ఈరోజే సరిచేసుకో. ముందు ఆయన చేతే యాప్‌లోంచి కారును తీయించు, తర్వాత కారు స్క్రీన్‌లో ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యి. రీసెట్ ఒక్కటే చేస్తే కంపెనీ సర్వర్‌లో ఆయన ఖాతా అలాగే ఉండిపోవచ్చు. ఆయన పలక్కపోతే, నీ పేరు మీదికి మారిన ఆర్‌సీ పంపి కస్టమర్ కేర్‌ను అడుగు. నేను బరంపురంలో కొన్న కారులో పాతాయన ఇంటి అడ్రసు, కాంటాక్టులు అన్నీ ఉన్నాయి!

ఇక ఛార్జింగ్ ఖర్చంటావా, కారు స్క్రీన్ మీది లెక్క కాదు, ఇంటి మీటరు రీడింగ్ చూడు. ఛార్జింగ్‌లో కొంత కరెంటు వేడిగా పోతుంది. 100 కిలోమీటర్లకు 15 యూనిట్లు, యూనిట్ 6 రూపాయలు అనుకుంటే 90 రూపాయలు. రాయగడ వైపు ఘాట్ ఎక్కితే ఎక్కువే అవుతుంది, దిగేటప్పుడు కొంత తిరిగి బ్యాటరీలోకి వస్తుంది.