ఐర్లండ్‌లో వినిపించే 'క్రాక్' అసలు ఎవరి మాట?

డబ్లిన్ వచ్చి నెల అయిందనీ, ఆఫీసులో అందరూ 'వాట్స్ ద క్రాక్?' అంటున్నారనీ రాశారు. అది ఐర్లండ్ సొంత భాషైన ఐరిష్ మాటా, ఇంగ్లిష్ మాటా, ఏం జవాబు చెప్పాలి అని అడిగారు. అది 'ఏం సంగతులు?' అని పలకరించడమే.

గాల్వేలో ఉద్యోగంలో చేరిన మొదటి వారమే నేనూ విన్నాను. పక్క సీటాయన ఇంకొకతన్ని చూపించి 'హీ ఈజ్ గ్రేట్ క్రాక్' అన్నాడు. మన దగ్గర క్రాక్‌గాడంటే తిక్కమనిషే కదా. ఆ మాట నాకు కష్టమనిపించింది. అది మెచ్చుకోలని తర్వాత తెలిసింది: అతను పక్కనుంటే పొద్దు తెలియదట.

పబ్బుల బోర్డుల మీద 'సి-ఆర్-ఎ-ఐ-సి' అనే స్పెల్లింగ్ చూసి చాలామంది ఇది అచ్చమైన పాత ఐరిష్ మాట అనుకుంటారు. దీని పుట్టిల్లు మాత్రం ఇంగ్లిషే. ఏదైనా పగిలినప్పుడు వచ్చే చప్పుడు 'క్రాక్' ఉంది చూశారూ, అదే ఇది. చప్పుడు నుంచి పెద్దగా మాట్లాడటం, గొప్పలు పోవడం అనే అర్థాలు వచ్చాయి. షేక్‌స్పియర్ నాటకాల్లో గొప్పలు పోవడమనే అర్థం కనిపిస్తుంది. ఉత్తర ఇంగ్లండ్, స్కాట్లండ్ వైపు అది ఊసులాడుకోవడంగా మారింది. స్కాటిష్ కవి రాబర్ట్ బర్న్స్ 1785లో ఒక మిత్రుడికి రాసిన పద్యలేఖలో, మేజోళ్లు అల్లుకుంటూ కబుర్లాడుకున్నామని చెప్పడానికి ఈ మాటే వాడాడు. అక్కడి నుంచి ఐర్లండ్ ఉత్తర భాగమైన అల్‌స్టర్ మీదుగా మిగతా ఐర్లండ్‌లోకి వచ్చింది.

ఐరిష్ స్పెల్లింగ్ 20వ శతాబ్దంలో వచ్చింది. ఆ భాష సంప్రదాయ అక్షరమాలలో 18 అక్షరాలే ఉన్నాయి, 'కె' లేదు. అందుకే చివర 'సి'. 1970ల్లో ఐరిష్ టీవీలో షాన్ బాన్ బ్రానాఖ్ నడిపిన కార్యక్రమం 'పాట, మాట, క్రాక్' ఉంటాయని పిలిచేది. దాంతో ఈ రూపం బాగా నాటుకుంది, తర్వాత ఇంగ్లిష్ పత్రికలూ అదే రాయసాగాయి. ఇది దొంగ ఐరిష్ అని కోప్పడిన ఐరిష్ రచయితలున్నారు. నేను ఒప్పుకోను. పుట్టిల్లు ఎక్కడైనా, మెట్టినింట్లో ఇంతగా కలిసిపోయిన మాట ఆ ఇంటిదే.

మాది కరీంనగర్ వైపు. మా దగ్గర 'ఏం ముచ్చట?' అంటే ఏం సంగతులని అడగడం. 'ముచ్చటగా ఉంది' అంటే చూడ్డానికి సంతోషంగా ఉందని. మాట, సంతోషం రెండూ ఒక్క పదంలోనే ఉన్నాయి. క్రాక్‌కి ఇంతకంటే దగ్గరి తెలుగు నాకు దొరకలేదు. నిన్నటి క్రాక్ భలే ఉందంటే నిన్న బాగా కాలక్షేపమైందని అర్థం. పాట, నలుగురు మనుషులు, వేడి వేడి టీ ఉన్నా చాలు, మందు ఉండాలని లేదు.

జవాబుకు 'నాట్ మచ్, యువర్‌సెల్ఫ్?' చాలు. ఊరి విశేషమేదైనా ఉంటే అదీ కలపండి, వాళ్లు ఆగి వింటారు. ఐర్లండ్, బ్రిటన్ దాటితే మాత్రం జాగ్రత్త, అక్కడ ఈ మాటకు మాదకద్రవ్యమనే అర్థమే ముందు తడుతుంది.