అమ్మలూ, వాళ్ళను మంచం ఎక్కించే చూపించు

అమ్మలూ,

గాజువాక చుట్టుపక్కల వికలాంగ ఆడవాళ్ళను నువ్వే వెంటబెట్టుకుని క్యాన్సర్ పరీక్షలకు తీసుకెళ్తానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంటి పిల్లకు ఈ ఆలోచన వచ్చినందుకు కడుపు నిండింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఉద్యోగం, ఇల్లు, ఆపైన ఇది. ఒంట్లో రక్తం లేనిదానివి, ముందు వేళకు తిను.

ఆధార్, యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు), ఎన్టీఆర్ వైద్యసేవ కాగితాలు, పాత రిపోర్టులు సర్దుకో. విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కైనా, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికైనా ముందురోజే ఫోన్ చేసి వీల్‌చైర్ సంగతి కనుక్కో. 2016 వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ ప్రకారం వాళ్ళను ముందుగా చూడాలి. ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా అడ్డంకుల్లేని దారి ఉండాలి. గొడవ పడకు, కానీ అడగడం మానకు.

మీ పిన్ని సంగతి నీకు సగమే తెలుసు. పోలియో వల్ల చిన్నప్పటి నుంచీ చంక కర్రలే కదా దానికి. కర్ర పైభాగానికి పాత చీర గుడ్డ చుట్టుకునేది, మెత్తగా ఉంటుందని. ఆ చంకలోనే చిన్న గడ్డ తేలింది. ఆసుపత్రికి వెళ్తే, "కర్ర ఒరుసుకుంటోందమ్మా, గుడ్డ ఇంకాస్త మందంగా చుట్టుకో" అని పూతమందు రాశారు. పరీక్ష చేసే మంచం ఎత్తు. ఎక్కించే ఓపిక ఎవరికీ లేక కూర్చున్నచోటే చూసేశారు, జాకెట్టు కూడా విప్పించలేదు. మళ్ళీ వెళ్తే భుజానికి ఎక్స్‌రే తీశారు. నేనప్పుడు వేరే ఊళ్ళో డ్యూటీలో ఉన్నాను. నేను వచ్చి చూసేసరికి రొమ్ములో గడ్డ గట్టిగా చేతికి తగిలింది, చంకలోకీ పాకేసింది. అదే గడ్డ కాళ్ళు బాగున్న మనిషికి వస్తే మొదటిరోజే తడిమి చూసేవారు కాదా? అవిటితనం కంటికి కనపడితే చాలు, ఏ నొప్పి వచ్చినా దాని ఖాతాలోనే వేసేస్తారు. నాకు నీ విషయంలో ఉన్న భయమంతా ఇదే, ఆ మాట విని నువ్వు కూడా ఊరుకుంటావేమోనని.

ఆపరేషన్‌లో చంకలో గ్రంథులు తీసేశారు. చెయ్యి వాచిపోయి ఇక కర్ర పట్టలేకపోయింది. "అక్కా, నేను బాత్రూంకి ఎలా వెళ్ళాలే?" అని అడిగింది. దానికి చెయ్యే కాలు అని ఆపరేషన్‌కు ముందు ఆలోచించినవాళ్ళు లేరు.

కాబట్టి వైద్యం మొదలవకముందే, ఆ మనిషి రోజంతా దేనిమీద ఆధారపడి బతుకుతుందో డాక్టరుకు చెప్పు. కొన్ని కీమో మందులకు వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. బ్రెయిలీ చదివేవాళ్ళకు, సైగలతో మాట్లాడేవాళ్ళకు అది చిన్న విషయం కాదు. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు వినికిడిని దెబ్బతీయొచ్చు. చూపులేనివాళ్ళకు చెవులే కదా దారి! ముందే తెలిస్తే మరో మందు కుదురుతుందేమో వాళ్ళు చూస్తారు.

మామోగ్రామ్‌కు, అదే రొమ్ము ఎక్స్‌రేకు, నిలబడలేకపోతే కూర్చోబెట్టి తీస్తారేమో అడుగు. గర్భాశయ ముఖద్వారం పరీక్షకు కాళ్ళు ఎడం చేయలేనివాళ్ళను పక్కకు తిప్పి పడుకోబెట్టి చూడొచ్చు. "పెళ్ళి కాలేదుగా, ఈమెకెందుకు ఇది?" అని మొహం మీదే అనేవాళ్ళుంటారు. నువ్వు సిగ్గుపడి తల దించుకోకు. చేయించుకోవాలో వద్దో ఆమెనే అడగమను. మాటలు రాని మనిషిని తీసుకెళ్ళినప్పుడు కూడా అంతే, డాక్టరు నీతో మాట్లాడుతుంటే ఆమె వైపు చూపించు. సైగలు తెలిసినవాళ్ళను వెంట తీసుకెళ్ళు.

ముందు ఎవరిని, ఏ రోజు తీసుకెళ్తున్నావో నాకు చెప్పు, నేనూ వస్తాను. మంచం ఎక్కించడానికి ఇద్దరు కావాలి. ఒక్కదానివే ఎత్తబోయి నడుం పట్టేసుకున్నావంటే మాత్రం ఊరుకోను.

మీ పెద్దమ్మ