టైటానియం ఫ్రేము ఆగుతుంది, ఆసుపత్రి బిల్లు ఆగదు

ప్రశ్న: నా వయసు 34. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చేతికి నెలకు రూ.1,28,000 వస్తుంది. భార్య, నాలుగేళ్ల పాప, ఖమ్మంలో ఉంటున్న అమ్మానాన్న నా మీదే ఆధారపడ్డారు. కొన్నేళ్లుగా రోడ్డు సైకిల్ తొక్కుతున్నాను. ఈ మధ్య విదేశం నుంచి టైటానియం ఫ్రేము, ఫోర్కు తెప్పించాను. రూ.1,85,000 క్రెడిట్ కార్డుతో కట్టి 12 నెలల ఈఎంఐగా మార్చుకున్నాను. నెలకు రూ.16,700 చొప్పున ఇంకా ఎనిమిది వాయిదాలున్నాయి. కస్టమ్స్ సుంకం, కొరియర్ ఖర్చుల కోసం పొదుపు ఖాతా నుంచి రూ.52 వేలు తీశాను. ఖాతాలో రూ.70 వేలు మిగిలాయి. ఎలక్ట్రానిక్ గ్రూప్‌సెట్ (గేర్లు, బ్రేకుల సెట్టు), కార్బన్ చక్రాలు, మిగతా భాగాలు బిగించాలంటే మరో రూ.3.5 లక్షలు కావాలి. 14 శాతం వడ్డీకి మూడేళ్ల వ్యక్తిగత రుణం ఇస్తామని బ్యాంకు అంటోంది. టైటానియం జీవితకాలం మన్నుతుంది కాబట్టి ఇది ఆస్తి కిందే లెక్క అని మిత్రులు అంటున్నారు. సైకిళ్లపై జీఎస్టీ కూడా తగ్గింది. రుణం తీసుకోవచ్చా? లేక ఈక్విటీ ఫండ్లలో ఉన్న రూ.4.2 లక్షలు తీయమంటారా?
– ఓ పాఠకుడు, కొండాపూర్

జవాబు: రుణం వద్దు. సైకిల్ కోసం ఫండ్లు కూడా తీయవద్దు. మీరు అడిగినదానికి జవాబు ఇంతే. అయినా మీ ఉత్తరాన్ని ఎంచుకుని ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. మీరు చేసిన పొరపాటు ఒక్క సైకిళ్ల దగ్గరే జరగడం లేదు. కెమెరా, లెన్సులు కొనేవారు, ఇంట్లో సౌండ్ సిస్టమ్ అమర్చుకునేవారు, పాత బుల్లెట్ బండిని కొత్తగా తయారు చేయించుకునేవారు అందరూ ఇదే దారిలో అప్పుల్లోకి దిగుతున్నారు. వస్తువును ముక్కలుగా కొంటారు, అప్పునూ ముక్కలుగానే చేస్తారు. మొత్తం ఎంతయిందో ఏ రోజూ కూడి చూడరు.

షోరూమ్‌లో నిలబెట్టిన సైకిల్ ధర రూ.5.87 లక్షలని చీటీ ఉంటే మీరు లోపలికి వెళ్లి ఉండేవారా? మీ ఉత్తరంలోని అంకెలు కూడితే వచ్చేది అంతే. ఫ్రేము 1.85, సుంకం, కొరియర్ 0.52, రాబోయే భాగాలు 3.5. వడ్డీలు ఇందులో లేవు. రూ.3.5 లక్షలకు 14 శాతం చొప్పున మూడేళ్లకు నెలవారీ వాయిదా సుమారు రూ.11,960. ఒక్క వడ్డీయే రూ.80 వేలు దాటుతుంది. ముందు ఫ్రేము కొనేసి, తర్వాత నెమ్మదిగా బిగించుకుందామనుకున్న ప్రతిచోటా ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఎందుకంటే ఖరీదైన ఫ్రేముకు చౌక భాగాలు వేయడానికి మనసొప్పదు. ఆదివారం తెల్లవారుజామున గండిపేట దగ్గర సైకిళ్లను గోడకు ఆనించి, చైను ఉన్న వైపు కనబడేలా, రెండు చక్రాల వాల్వులూ కిందికి వచ్చేలా సర్ది ఫోటోలు తీసుకునే చోట, ఎవరి చక్రాలు ఏ కంపెనీవో అందరి కళ్లూ చూస్తాయి. ఆ ఆనందాన్ని నేను తక్కువ చేయడం లేదు. నానక్‌రాంగూడ నుంచి పోలీసు అకాడమీ వరకు, నార్సింగి నుంచి కొల్లూరు వరకు 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ 2023 అక్టోబరులో తెరిచాక ఈ నగరంలో సైకిల్ మీద ఇష్టం పెరగడం సంతోషించాల్సిన విషయమే. దానికి మీ నాన్నగారి వైద్యం డబ్బు వాడవద్దన్నదే నా మాట.

అవును, మీరు వాడుతున్నది ఆ డబ్బే. మీరు పంపిన ఖర్చుల పట్టిక చూశాను. అద్దె 27,000, కారు వాయిదా 15,500, కార్డు వాయిదా 16,700, ఖమ్మానికి 15,000, పాప బడి, ఇల్లు గడవడం కలిపి 38,000, ఫండ్లలో నెల నెలా వేసే సిప్ 10,000. మొత్తం 1,22,200. నెలకు మిగిలేది రూ.5,800. దానిమీద రూ.11,960 కొత్త వాయిదా పడితే మొదటి నెలలోనే ఆరు వేల పైచిలుకు లోటు. ఆ లోటు మళ్లీ కార్డు మీదికే చేరుతుంది. కార్డు బాకీ నెల నెలా మిగిలిపోతే ఏడాదికి 36 నుంచి 42 శాతం వడ్డీ సాధారణం. ఉత్తరం చివర ఒక మిత్రుడు సూచించిన రుణ యాప్ గురించి కూడా రాశారు. దాన్ని ఫోనులోంచి ఈరోజే తీసేయండి. నెలాఖరు గడవడానికి యాప్‌లో అప్పు తీసుకునే స్థితి వచ్చాక సైకిల్ గురించి మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు.

ఇక అసలు సంగతి. మీ దగ్గర అత్యవసర నిధి లేదు. సిప్ ఆపేసినా మీకు నెలకు తప్పని ఖర్చు రూ.1,12,200. ఖాతాలో ఉన్న రూ.70 వేలతో మీ ఇల్లు పందొమ్మిది రోజులు కూడా నడవదు. మీరు పనిచేస్తున్న రంగంలో ఒక శుక్రవారం సాయంత్రం వచ్చే ఈమెయిల్‌తో ఉద్యోగాలు పోవడం గచ్చిబౌలిలో ఎవరికీ కొత్త కాదు. తర్వాతి ఉద్యోగానికి నాలుగైదు నెలలు పట్టవచ్చు. అప్పుడు అద్దె ఎవరు కడతారు? ఈక్విటీ ఫండ్లు ఉన్నాయి కదా అంటారు. ఉద్యోగాలు పోయే రోజులూ, మార్కెట్ పడిపోయే రోజులూ చాలాసార్లు కలిసే వస్తాయి. నష్టానికి అమ్ముకోవాల్సి వచ్చేది సరిగ్గా అప్పుడే.

ఉద్యోగంతో పాటే ఆరోగ్య బీమా కూడా పోతుంది. మీ కుటుంబానికంతటికీ ఉన్నది కంపెనీ ఇచ్చిన రూ.5 లక్షల గ్రూప్ పాలసీ ఒక్కటే. మీ నాన్నగారికి 64 ఏళ్లు, మధుమేహం ఉంది. గ్రూప్ పాలసీ పోయిన మర్నాడు ఆయనకు కొత్త పాలసీ కోసం వెళితే, ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వేచి ఉండాలనే షరతు ఎదురవుతుంది. ఆ మూడేళ్లు ఉద్యోగం ఉండగానే గడిచిపోవాలంటే పాలసీ ఇప్పుడే తీసుకోవాలి. సైకిళ్లపై, విడిభాగాలపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గిందని రాశారు, నిజమే. అది 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చింది. సరిగ్గా అదే రోజు నుంచి సొంతంగా తీసుకునే ఆరోగ్య బీమా ప్రీమియంపై ఉన్న 18 శాతం జీఎస్టీని పూర్తిగా ఎత్తేశారు. మొదటిది మీ దృష్టికి వచ్చింది, రెండోది రాలేదు. నాకు బాధ కలిగించింది ఇదే. మీ ముగ్గురికి కనీసం రూ.10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే పాలసీ), అమ్మానాన్నలకు విడిగా ఇంకో పాలసీ తీసుకోండి. దరఖాస్తులో మధుమేహం సంగతి దాచవద్దు. ప్రీమియం కాస్త పెరుగుతుందని దాస్తే క్లెయిమ్ రోజున పాలసీ చిత్తు కాగితమవుతుంది.

మీ సంగతి కూడా చూడాలి. 200 కిలోమీటర్ల బ్రెవేలు (గడువులోగా పూర్తి చేయాల్సిన దూరప్రయాణ సైకిల్ రైడ్లు) తొక్కుతున్నారు, పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి కాబట్టి చీకటితోనే బయలుదేరుతారు. మలుపులో కంకర మీద ముందు చక్రం జారితే మనిషి చెయ్యి ఆనిస్తాడు, భుజం మీద పడతాడు, కాలర్ ఎముక విరుగుతుంది. సైకిల్ తొక్కేవారికి తరచుగా తగిలే దెబ్బ ఇది. ప్లేటు వేయాల్సి వస్తే కార్పొరేట్ ఆసుపత్రి బిల్లు ఒక ఎత్తు, వారాల తరబడి కుడిచెయ్యి కదపలేకపోవడం ఇంకో ఎత్తు. అందుకే వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకోండి. తాత్కాలికంగా పనిచేయలేని స్థితిలో వారం వారం డబ్బిచ్చే సదుపాయం అందులో ఉండేలా చూడండి. పోటీలకు, సాహస క్రీడలకు వర్తించదనే షరతు ఉందేమో చదివి, బ్రెవేలు దాని కిందికి వస్తాయో రావో బీమా కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి. టర్మ్ పాలసీ గురించి మీరు ఏమీ రాయలేదు. లేకపోతే రూ.1.5 కోట్లకు తగ్గకుండా తీసుకోండి.

నిధి ఎలా కూడబెట్టాలో చెబుతాను. ఈక్విటీ ఫండ్ల నుంచి రూ.2 లక్షలు తీసి, అవసరమైనప్పుడు త్వరగా వెనక్కి తీసుకోగల లిక్విడ్ ఫండ్‌లో పెట్టండి. ఏడాది దాటిన యూనిట్లపై సంవత్సరానికి రూ.1.25 లక్షల వరకు లాభానికి పన్ను లేదు కాబట్టి పన్ను భారం ఉండకపోవచ్చు. సిప్‌ను నిధి పూర్తయ్యేదాకా అటే మళ్లించండి. దానికి మీ మిగులు కలిపితే నెలకు రూ.15,800. కార్డు వాయిదాలు అయిపోయాక అది రూ.32,500 అవుతుంది. అప్పటికి మీ తప్పని ఖర్చు నెలకు రూ.95,500కు దిగుతుంది కాబట్టి ఆరు నెలలకు కావాల్సింది రూ.5,73,000. బీమా ప్రీమియాలు కూడా ఇందులోంచే కట్టినా ఏడాదిన్నరలో అక్కడికి చేరతారు. బోనస్ వస్తే ఇంకా ముందే. కార్డు బాకీని ఒకేసారి తీర్చేయాలనిపిస్తుంది. నిధి లేకుండా ఉన్న నగదంతా దానికి పెట్టడం నాకు ఇష్టం లేదు. బంగారం తాకట్టు, భవిష్యనిధి నుంచి తీయడం, రెండూ వద్దు.

ఇక సైకిల్. టైటానియం జీవితకాలం మన్నుతుందన్నది అప్పు చేయడానికి కారణంగా చెబుతున్నారు. అది ఆగడానికి కారణం. 3 శాతం అల్యూమినియం, 2.5 శాతం వెనేడియం కలిసిన ఆ గొట్టాలు తుప్పు పట్టవు. గది మూలలో ఏడాదిన్నర ఉన్నా ఫ్రేముకు ఏమీ కాదు. అదే మీ చైను, క్యాసెట్ (వెనక చక్రం పళ్లచక్రాలు), టైర్లు, బ్రేకు ప్యాడ్లు అరిగిపోయేవి. మూడేళ్ల రుణంతో కొన్న చైను రుణం తీరకముందే మార్చాల్సి వస్తుంది. దాన్ని ఆస్తి అనడం మాని ఖర్చు అనండి, అప్పుడు లెక్క సరిగా వస్తుంది.

ఏడాదిన్నర కూడా ఆగనక్కర్లేదు. మీ పాత అల్యూమినియం సైకిల్‌కు షిమానో 105 గ్రూప్‌సెట్, డిస్క్ బ్రేకులు ఉన్నాయని రాశారు. టైటానియం సైకిళ్లు సొంతంగా బిగించుకునేవారిలో చాలామంది మొదట పాత భాగాలతోనే రోడ్డెక్కుతారు, ఒక్కొక్కటీ అరిగినప్పుడు మంచిది వేసుకుంటారు. బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే భాగం) మర, ఇరుసుల కొలత, సీట్‌పోస్ట్ వ్యాసం సరిపోతాయో లేదో మెకానిక్‌తో చూపించుకోండి. బాటమ్ బ్రాకెట్, హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగేచోటి బేరింగులు), కేబుళ్లు, పనికూలి కలిపి రూ.20 వేలు దాటనివ్వకండి, అదీ బోనస్ నుంచే. మర బిగించేచోట యాంటీ సీజ్ పేస్టు రాయమని మెకానిక్‌కు తప్పకుండా చెప్పండి. టైటానియంలో అల్యూమినియం భాగం పట్టేసుకుపోతే తీయడం కష్టం, ఆ మరమ్మతుకు మళ్లీ ఖర్చు.

ఫ్రేము అమ్మేయాలా అని కూడా అడిగారు. వద్దు. మీ ఎత్తుకు, మీ చేతుల పొడవుకు తగ్గట్టు కొలతలిచ్చి చేయించుకున్నదానికి హైదరాబాద్‌లో కొనేవాడు దొరకడం కష్టం, దొరికినా సగం ధర అడుగుతాడు. అమ్మాల్సింది పాత అల్యూమినియం ఫ్రేము. దాని మీద ఎంత వస్తే అంత లిక్విడ్ ఫండ్‌లో వేయండి.