ఇంట్లో అన్నీ చేస్తుంది, పరీక్షలో మాత్రం రాయలేకపోతోంది. టెన్షన్ వల్లేనా?

మీ అమ్మాయి ఇంటర్ ఎంపీసీ, ఇంట్లో లెక్కలన్నీ చేస్తుంది, టెస్టుల్లో మార్కులు రావట్లేదు, టెన్షన్ అంత దెబ్బతీస్తుందా అని అడిగారు. తీస్తుందండీ, నేను పడ్డాను కాబట్టి చెప్తున్నా.

నేను ఎంసెట్ రాసినప్పుడు ఇంకా ఓఎంఆర్ షీటే. 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. మ్యాథ్స్‌లో ఒక ఇంటిగ్రేషన్ దగ్గర ఆగిపోయాను. హాస్టల్ స్టడీ అవర్లో అలాంటివి ఎన్ని చేశానో లెక్కే లేదు, అయినా అదే లైను నాలుగుసార్లు చదివినా బుర్రకెక్కలేదు, అరచేతి చెమటకి షీటు అంచు మెత్తబడిపోయింది, లోపల మాత్రం ఆదివారం ఫోన్లో నాన్న అడిగిన "ర్యాంకు ఎంతలోపు వస్తుందిరా" అన్న మాటే తిరుగుతోంది. పది నిమిషాలు దానికే పోయాయి. నెగెటివ్ మార్కులు లేవని తెలిసి కూడా కెమిస్ట్రీలో ఇరవైకి పైగా దిద్దకుండా వదిలేసి వచ్చాను. బయట కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే ఆ లెక్క దానంతటదే వచ్చేసింది!

అంటే చదివింది ఎక్కడికీ పోలేదు. లెక్క చేస్తున్నంతసేపూ అంకెల్ని పట్టి ఉంచుకునే జ్ఞాపకం మనకి చాలా కొంచెమే ఉంటుంది, భయం వచ్చి సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. కొద్దిపాటి టెన్షన్ మంచిదే, చదివిస్తుంది. ఇది అది కాదు.

ఎంసెట్ మళ్లీ రాయడానికి చదివిన లాంగ్ టర్మ్ కోచింగ్ ఏడాదిలో నేను మార్చింది చదువు కాదు. ప్రతి ఆదివారం అసలు పరీక్ష టైముకే గడియారం పెట్టుకుని మూడు గంటలు కూర్చునేవాణ్ణి, రెండు నిమిషాల్లో తెగని ప్రశ్నకి గుర్తు పెట్టి ముందుకెళ్లిపోయేవాణ్ణి. మొదట్లో అలా వదలడానికి ప్రాణం ఒప్పేది కాదు. నాన్న కూడా ర్యాంకు మాట ఎత్తడం మానేశారు, పరీక్ష రోజు బస్సులో దారంతా మా గేదె ఈనిన సంగతే చెప్పారు. నాకు అన్నిటికంటే పనికొచ్చింది అదేనని ఇప్పటికీ నమ్ముతాను.

ఇంకోటి నేను తర్వాతెప్పుడో చదివాను. 2011లో చికాగో యూనివర్సిటీ వాళ్లు సైన్స్ పత్రికలో వేసిన పరిశోధన అది. పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాన్ని కాగితం మీద రాసుకున్నాక, బాగా కంగారుపడే పిల్లలకి మార్కులు మెరుగయ్యాయి. మీ అమ్మాయితో ఇంట్లో టెస్టుకి ముందు ఓసారి చేయించి చూడండి, ఆ కాగితం మాత్రం మీరు చదవకండి.

నిద్ర పట్టకపోవడం, అన్నం మానేయడం దాకా వస్తే ఆగొద్దు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.