ఖాళీ రోడ్డు ముందు ఎర్రదీపం ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో మినియాపొలిస్ శివారులో ఉంటాడు. నేనూ మా ఆవిడా కొన్ని నెలలు అక్కడ ఉండి వచ్చాం. ఉదయం అబ్బాయి ఆఫీసుకు బయలుదేరేటప్పుడు అప్పుడప్పుడు నేనూ కారులో కూర్చునేవాణ్ణి. ఊరి రోడ్డు నుంచి ఫ్రీవే (అడ్డదారులూ కూడళ్లూ లేని వేగ రహదారి) ఎక్కే ర్యాంపు మీద ఒక సిగ్నల్ ఉంది. అక్కడ అడ్డంగా వచ్చే రోడ్డు లేదు, నడిచి దాటేవారూ లేరు. అయినా ఎర్రదీపం వెలుగుతుంది, పచ్చదీపం ఒక్క కారు కదిలేంత సేపే ఉండి మళ్లీ ఎరుపవుతుంది. అవతల ఫ్రీవే మీద వాహనాలు సాఫీగానే పోతున్నాయి. ఎందుకని అడిగితే ‘అది ర్యాంప్ మీటర్ నాన్నా’ అన్నాడు గాని విడమరిచి చెప్పలేదు. ఇలా నిలబెట్టడం వల్ల రద్దీ నిజంగా తగ్గుతుందా, లేక ఫ్రీవే మీది రద్దీని వీధిలోకి నెట్టడమేనా?
- విశ్రాంత ఉపాధ్యాయుడు, బరంపురం, గంజాం జిల్లా

జవాబు: మాస్టారూ, ఫ్రీవే సాఫీగా సాగుతుండగానే మిమ్మల్ని ఆపడం మీకు వింతగా తోచింది. నిజానికి ఆపవలసిన సమయం అదే. రోడ్డు నిండిపోయి బండ్లు నిలిచిపోయాక ర్యాంపు మీద ఎంతసేపు ఆపినా పెద్దగా ఫలితం ఉండదు.

ఫ్రీవేలో ఒక్కొక్క లేను గంటకు సుమారు 2,000 వాహనాలను, పరిస్థితులు అనుకూలిస్తే అంతకంటే కొంచెం ఎక్కువను, పంపగలదు. ఆ హద్దుకు చేరువైనప్పుడు బండికీ బండికీ మధ్య ఎడం బాగా తగ్గిపోతుంది. అటువంటి వేళ పక్కనుంచి పది కార్లు ఒక్కుమ్మడిగా చొరబడితే, ఆ పక్క లేనులో వస్తున్న డ్రైవరు బ్రేకు తొక్కుతాడు, అతని వెనకవాడు ఇంకొంచెం గట్టిగా తొక్కుతాడు, అలా కొంతదూరం పోయేసరికి ఎవరో ఒకరు పూర్తిగా ఆగిపోతారు. ఈ ఆగుడు వాహనాలు వస్తున్న దిక్కుకు ఎదురుగా, గంటకు 15 నుంచి 20 కిలోమీటర్ల వేగంతో అలలా వెనక్కి పాకుతుంది. అందుకే కిలోమీటర్ల దూరంలో ఉన్నవాళ్లు ముందు ప్రమాదమేదో జరిగిందనుకుంటూ నిలబడతారు. తీరా ఆ చోటికి చేరేసరికి అక్కడ ఏమీ కనబడదు.

అసలు నష్టం దీని తర్వాత మొదలవుతుంది. ఒకసారి ప్రవాహం ఇలా చెదిరిందంటే, ఆ చోటు దాటి బయటపడే వాహనాల సంఖ్య మునుపటికంటే తగ్గిపోతుంది. చాలాచోట్ల కొలిచి చూసినప్పుడు ఈ తగ్గుదల 5 నుంచి 10 శాతం దాకా, కొన్నిచోట్ల అంతకు మించి ఉన్నట్టు తేలింది. ఆగిన బండి మళ్లీ వేగం అందుకునేటప్పుడు ముందున్న బండికి ఎక్కువ ఎడం వదులుతుంది కనుక, అంతకుముందున్న దట్టమైన ప్రవాహం మళ్లీ కుదరదు. అంటే వేలాదిమందికి రోడ్డు అవసరమైన గంటలోనే ఆ రోడ్డు తన శక్తిలో కొంత పోగొట్టుకుంటుంది. ఈ విషయం ఒక్కటి మనసుకు పడితే మిగిలినదంతా తేలికగా అర్థమవుతుంది: ర్యాంప్ మీటర్ పని ఫ్రీవేను ఖాళీగా ఉంచడం కాదు, నిండుగా పారుతున్న రోడ్డును చెదరకుండా నిలపడం.

ఇక పది కార్లు ఒక్కుమ్మడిగా ఎందుకు వస్తాయంటే, ర్యాంపుకు ముందు వీధిలో ఉన్న సిగ్నల్ వాటిని అలా కూడగట్టి వదులుతుంది కనుక. మన దగ్గర రైల్వే గేటు తీసిన మరుక్షణం రెండువైపులా బండ్లు ఎలా ఎగబడతాయో మీకు తెలియనిది కాదు. ఆ గుంపును విడదీసి ఒక్కొక్కరినీ నాలుగైదు సెకన్ల తేడాతో పంపితే, ప్రతి కారుకూ ఫ్రీవే మీద ఏదో ఒక సందు దొరుకుతుంది. చైత్రమాసపు మంగళవారాల్లో తారాతారిణి కొండకు వచ్చే జనాన్ని తలచుకోండి. అంతమందినీ ఒకేసారి గుమ్మంలోకి వదిలితే తొక్కిసలాటలో గుమ్మమే మూసుకుపోతుంది. కొద్దికొద్దిగా పంపితే అదే గుమ్మం గుండా గంటలో ఎక్కువమంది దర్శనం చేసుకుని వెళతారు.

పచ్చదీపం ఎంతసేపటికి ఒకసారి వెలగాలన్నది రోడ్డే చెబుతుంది. రోడ్డు కింద పాతిన తీగచుట్టల వంటి పరికరాలు తమ మీదుగా ఎన్ని వాహనాలు పోతున్నాయో, ఎంతసేపు తమను కప్పి ఉంచుతున్నాయో కొలుస్తాయి. ఆ కొలత ముందుగా నిర్ణయించిన హద్దును మించబోతే పచ్చదీపాల మధ్య వ్యవధి పెరుగుతుంది, తగ్గితే కుదించుకుపోతుంది. సాధారణంగా ఆ వ్యవధి 4 సెకన్ల నుంచి 15 సెకన్ల లోపు ఉంటుంది. అంటే ఒక వరుస ఉన్న ర్యాంపు నుంచి గంటకు 900 కార్లకు మించి గాని, 240కి తగ్గి గాని వదలరు. గ్రీకు ఇంజనీరు మార్కోస్ పాపగియోర్గియు, తన సహచరులతో కలిసి 1991లో ప్రకటించిన అలీనియా అనే పద్ధతి ఈ లెక్కకు బాగా పేరు పొందింది. దానిని పారిస్ నగరం చుట్టూ ఉన్న వలయ రహదారి మీద ప్రయోగించి చూశారు. వీటన్నిటికంటే చాలాముందు, 1963లో, షికాగోలోని ఐసెన్‌హోవర్ ఎక్స్‌ప్రెస్‌వే ర్యాంపు మీద ఒక పోలీసు నిలబడి చేతి సైగతో కార్లను ఒక్కొక్కటిగా వదిలేవాడు. యంత్రాలు మారాయి గాని చేసే పని ఈనాటికీ అదే.

మీ సందేహానికి గట్టి సాక్ష్యం మీ అబ్బాయి ఉంటున్న ప్రాంతంలోనే దొరికింది. మినియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరాల్లో అప్పటికి సుమారు 430 ర్యాంప్ మీటర్లు ఉండేవి. వాటి దగ్గర చాలాసేపు నిలబడవలసి వస్తోందని జనం విసిగిపోయి గోల పెట్టడంతో, ఇవి లేకపోతే ఏమవుతుందో తేల్చమని మిన్నెసోటా శాసనసభ చట్టమే చేసింది. 2000 అక్టోబరు నుంచి సుమారు ఆరు వారాలపాటు వాటన్నిటినీ ఆపివేశారు. ఆ వారాల్లో ఫ్రీవేలు మోసిన వాహనాల సంఖ్య 9 శాతం తగ్గింది, ప్రయాణ కాలం 22 శాతం పెరిగింది, ప్రమాదాలు 26 శాతం పెరిగాయి. ర్యాంపు మీద నిలబడే బాధ తప్పినా, మొత్తం మీద జనం రోడ్డు మీద గడిపిన సమయం పెరిగిందే తప్ప తగ్గలేదు. నన్ను ఎక్కువగా కదిలించిన అంకె మూడోది. రద్దీ గురించి వాదించేటప్పుడు అందరమూ నిమిషాలనే లెక్కపెడతాం. చేరిక దగ్గర, అంటే ర్యాంపు ఫ్రీవేలో కలిసే చోట, తోపులాట తగ్గితే మనుషులు దెబ్బలు తగలకుండా ఇళ్లకు చేరతారన్నది వెనకబడిపోతుంది.

అయినా వీధిలోకి నెట్టడమేనా అన్న మీ మాటలో నిజం లేకపోలేదు. ర్యాంపు పొట్టిదైతే వరుస వెనక్కి పెరిగి వీధి కూడలిని మూసేస్తుంది. అందుకని ర్యాంపు మొదట్లో కూడా కొలిచే పరికరం పెట్టి, వరుస అక్కడిదాకా వచ్చిందంటే పచ్చదీపాలను వేగంగా వెలిగించి వదిలేస్తారు. వచ్చే వాహనాలు రోడ్డు శక్తికి మరీ మించిపోయిన చోట ర్యాంప్ మీటర్ చేయగలిగిందేమీ లేదు. అది ఉన్న రోడ్డును కాపాడుతుంది, లేని రోడ్డును సృష్టించదు.

ప్రశ్న: ఫ్రీవేకు దూరపు కొసన ఎక్కినవాడు ఆగకుండా దూసుకుపోతుంటే, ఊరికి దగ్గరగా ఉండి నాలుగు కిలోమీటర్లు పోయేవాడు ర్యాంపు మీద నిలబడాలి. ఇది న్యాయమా?
- డిగ్రీ విద్యార్థిని, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, ర్యాంప్ మీటర్ల మీద వచ్చిన అభ్యంతరాలన్నిటిలోకీ బరువైనది ఇదే, దీనిని తేలికగా కొట్టివేసే ఇంజనీరు మాట నేను ఒప్పుకోను. ఇరుకు ఎక్కడ ఏర్పడుతుందో అక్కడికి దగ్గరి ర్యాంపుల మీదనే మీటర్లు పెడితే, దూరపు శివార్లలో ఇల్లు కట్టుకున్నవాడికి లాభం, ఊళ్లో ఉన్నవాడికి నిరీక్షణ మిగులుతాయి. రోడ్డు మొత్తానికి మేలు జరిగిందన్నది ఆ మేలు అందరికీ సమంగా అందిందనడానికి రుజువు కాదు.

మినియాపొలిస్ ప్రయోగం ముగిశాక అక్కడివారు మీటర్లను తిరిగి వెలిగించారు గాని, పాత పద్ధతిలో కాదు. వీధి నుంచి ఎక్కే ర్యాంపు మీద ఏ వాహనమూ 4 నిమిషాలకు మించి, ఒక ఫ్రీవే నుంచి మరో ఫ్రీవేకు మారే ర్యాంపు మీద 2 నిమిషాలకు మించి ఆగకూడదని హద్దు పెట్టుకున్నారు. దీనివల్ల ఫ్రీవే కొంత నష్టపోయినా, ఆ నష్టాన్ని భరించడమే సరైనదని నా అభిప్రాయం. రెండో మార్గం, నిరీక్షణను ఒక్క ర్యాంపు మీద మోపకుండా, ఇరుకుకు ముందు దారిలో వచ్చే ర్యాంపులన్నిటికీ పంచడం. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో మొనాష్ ఫ్రీవే మీద ర్యాంపులను ఇలాగే ఒకదానితో ఒకటి కలిపి నడుపుతున్నారు. బస్సులకూ ఒకే కారులో కలిసి వెళ్లేవారికీ ర్యాంపు పక్కన ఆగనక్కరలేని వరుస ఇవ్వడం మూడోది. నలభైమంది ఉన్న బస్సునూ ఒక్కడున్న కారునూ ఒకే వరుసలో నిలబెట్టకపోవడం న్యాయమే కదా.

ప్రశ్న: మా జిల్లా మీదుగా రాయ్‌పూర్-విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్‌వే వేస్తున్నారు. దాని మీద గాని, 16వ నంబరు జాతీయ రహదారి మీద గాని ఇటువంటి మీటర్లు అవసరమవుతాయా?
- లారీ యజమాని, జయపురం, కొరాపుట్ జిల్లా

జవాబు: 16వ నంబరు రహదారి మీద పనికిరావు. దాని మీదికి డివైడరు సందుల్లోంచి, సర్వీసు రోడ్ల నుంచి, పొలం బాటల నుంచి ఎవరైనా ఎక్కవచ్చు. పది ద్వారాలున్న ఇంట్లో ఒక్క గుమ్మం దగ్గర మనిషిని కాపలా పెట్టినట్టు అవుతుంది. ర్యాంప్ మీటరుకు మొదటి షరతు, రహదారి ఎక్కడానికి ర్యాంపు తప్ప వేరే దారి లేకపోవడం.

రాయ్‌పూర్ నుంచి విశాఖపట్నం దాకా సుమారు 464 కిలోమీటర్ల పొడవున, నవరంగ్‌పూర్, కొరాపుట్ జిల్లాల మీదుగా వేస్తున్న ఆరు లేన్ల దారికి ఆ షరతు సరిపోతుంది. అయితే రెండో షరతు, రోజూ ఒకే వేళకు వేలమంది ఆఫీసులకు పరుగెత్తే రద్దీ, ఈ కొండప్రాంతంలో లేదు. పైగా మీ వృత్తికి సంబంధించిన చిక్కు ఒకటుంది. సరుకు నిండా ఉన్న లారీని ఎత్తుగా పోయే ర్యాంపు మీద ఆపి మళ్లీ కదిలిస్తే, చేరిక దగ్గరకు వచ్చేసరికి అది వేగం అందుకోలేదు, అప్పుడు వెనక వేగంగా వచ్చేవాళ్లకు అదే ప్రమాదం. ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని గిరిసోల చెక్‌గేటు దగ్గర ఒకప్పుడు బారులు తీరి నిలబడిన అనుభవం ఉన్న లారీవాళ్లకు ఆగడం కొత్త కాదు. అయితే అక్కడ ఆపింది కాగితాల కోసం, రోడ్డు కోసం కాదు. మీటరు ఉన్న చోట, ఆగిన గీత నుంచి చేరిక దాకా బరువు బండి వేగం పుంజుకునేంత నిడివి ఉండి తీరాలి.

మన దేశంలో వీటి గురించి ముందుగా ఆలోచించవలసినవి హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వంటివి. అక్కడ ఎక్కే చోటనే టోల్ గేట్లు ఉండటం వల్ల, వాటిని ఆ ఉద్దేశంతో కట్టకపోయినా, కార్ల గుంపు కొంత విడిపోతూనే ఉంటుంది. మన వైపు రేపే చేయదగిన పని వేరే ఉంది. సర్వీసు రోడ్డు హైవేలో కలిసే మూతి దగ్గర ఆటోలూ బస్సులూ ఆగకుండా, ఎక్కించుకునే చోటును కనీసం వంద అడుగులు వెనక్కి జరిపి, అక్కడినుంచి హైవే ఎడమ అంచు వెంబడి పొడవైన చేరిక వరుసను గీతలు గీసి విడిగా ఉంచాలి.