ఆర్ స్క్వేర్ పెరిగితే చాలా?

సందేహం: ఫోన్ బ్యాటరీ సామర్థ్యాన్ని ఏడాదిపాటు నెలకోసారి నమోదు చేశాను. స్ప్రెడ్‌షీట్‌లో సరళరేఖ గీస్తే ఆర్ స్క్వేర్ (గీత బిందువులకు ఎంత బాగా సరిపోయిందో 0 నుంచి 1 వరకు చెప్పే సంఖ్య) 0.29 వచ్చింది, ఆరో ఘాతం బహుపది అనే వక్రరేఖతో 0.94కు పెరిగింది. ఒక ఉచిత వెబ్‌సైట్‌లో ఫైలును అప్‌లోడ్ చేస్తే వాలు నెలకు -0.4 శాతం, ప్రామాణిక దోషం (ఆ వాలు అంచనాలోని అనిశ్చితి) 0.2 అని చూపించింది. దేన్ని నమ్మాలి?

జవాబు: ఆ బహుపదిని మాత్రం నమ్మకండి. 12 బిందువులకు 7 గుణకాలను (గీత ఆకారాన్ని నిర్ణయించే సంఖ్యలను) అమర్చినప్పుడు గీత బిందువుల వెంటే మెలికలు తిరుగుతుంది కాబట్టి ఆర్ స్క్వేర్ పెరగక మానదు. దాన్నే మరో రెండు నెలలు పొడిగిస్తే సామర్థ్యం వంద శాతం దాటినా ఆశ్చర్యపోనవసరం లేదు.

వాలును ప్రామాణిక దోషంతో భాగిస్తే టీ విలువ -2.0. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (12 బిందువుల్లోంచి సరళరేఖ 2 గుణకాలను తీసేస్తే మిగిలేది) 10 కాబట్టి 95 శాతం స్థాయికి టీ విలువ పరిమాణం దాటాల్సిన హద్దు 2.228, విశ్వాస అంతరం (అసలు వాలు ఉండగల పరిధి) సుమారు -0.85 నుంచి 0.05 వరకు. అందులో సున్నా కూడా ఉంది కనుక బ్యాటరీ క్షీణిస్తోందని ఈ లెక్క రుజువు చేయలేదు, క్షీణించడం లేదనీ చెప్పలేదు. పైగా ఒకే ఫోన్ నుంచి వరుసగా తీసిన రీడింగులు పరస్పరం ఆధారపడి ఉంటే అసలు అనిశ్చితి ఇంతకంటే ఎక్కువే కావచ్చు.

ఇలాంటి ఉత్తరాలు పదేపదే రావడానికి పాఠకులకన్నా పరికరాల రూపకర్తలే ఎక్కువ బాధ్యులు. ఒక్క క్లిక్కుతో గీత గీసి, పక్కనే ఆర్ స్క్వేర్‌ను అచ్చువేసే చార్టు, ప్రామాణిక దోషాన్ని మాత్రం గీత లెక్కలు చేసే లిన్‌ఎస్ట్ (LINEST) ఫంక్షన్‌లో దాచిపెట్టడం నిర్లక్ష్యమే. ఘాతీయ ట్రెండ్‌లైన్ సంగతి మరీ అన్యాయం: సాధారణంగా అది విలువల సంవర్గమానాలకు (లాగరిథమ్‌లకు) సరళరేఖను అమర్చి, ఆ ఆర్ స్క్వేర్‌నే చూపుతుంది కాబట్టి సరళరేఖ ఆర్ స్క్వేర్‌తో దాన్ని పోల్చకూడదు, ఆ మాట తెరపై ఎక్కడా కనిపించదు. 1973లో గణాంక శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ ఆన్స్‌కోంబ్ ఇచ్చిన నాలుగు దత్తాంశాలకూ వాలు 0.5, ఆర్ స్క్వేర్ 0.67 వస్తాయి, కానీ వాటిలో ఒకటి స్పష్టమైన వక్రం. అందుకే ముందు అవశేషాల (ప్రతి బిందువుకూ గీతకూ మధ్య తేడాల) చార్టు గీయండి; అందులో వంపు కనిపిస్తేనే వక్రరేఖా నమూనా గురించి ఆలోచించండి.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది మీరు ఫైలును అప్‌లోడ్ చేయడం. రెండు నిలువు వరుసలు చాలినచోట మొత్తం ఫైలు వెళ్లిందంటే, అందులోని ఇతర షీట్లు, దాచిన వరుసలు, ప్రాపర్టీస్‌లోని మీ పేరు కూడా వెళ్లినట్టే. రోగుల రీడింగులనూ ఉద్యోగుల జీతాలనూ ఇలాగే పీ విలువ (అసలు ధోరణేమీ లేకున్నా ఇలాంటి ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే సంభావ్యత) కోసం అపరిచిత సర్వర్లకు పంపేవారున్నారు. ఒకసారి చేరాక ఆ ప్రతి ఎవరి చేతిలో ఉందో తెలుసుకునే దారి లేదు. లిన్‌ఎస్ట్ చివరి రెండు స్థానాల్లో ట్రూ అని ఇస్తే, ఫలితాల రెండో వరుస మొదటి గడిలో వాలు ప్రామాణిక దోషం మీ కంప్యూటర్‌లోనే వస్తుంది. ఆ సైటుకు మీ ఆన్‌లైన్ డ్రైవ్‌ను తెరిచే అనుమతి ఇచ్చి ఉంటే ఈరోజే రద్దు చేయండి.